కొలిమి కత్తి, వరాల కత్తి

కథల్లోనూ ఆటల్లోనూ వీరుడి చేతికి కత్తి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కమ్మరి సాగగొట్టి ఇచ్చినది. రెండోది వరంగానో, రాక్షసుణ్ణి చంపినందుకు ఫలంగానో, పాతాళ గుహలో నిధిగానో దొరికినది. ఇంటర్నెట్‌లో వేలమంది ఒకేసారి ఆడే మాయాలోకపు ఆటల్లో ఈ రెండు కత్తుల మధ్య పోటీ పాతికేళ్లకు పైగా నడుస్తోంది. గని తవ్వి, ఇనుము కరిగించి, కత్తి చేసి సంతలో అమ్ముకునే ఆటగాడి పనికి విలువ ఎక్కువ ఉండాలా, డ్రాగన్‌ను కూల్చినవాడికి దొరికే మంత్రపు కత్తికి ఎక్కువ ఉండాలా అన్నది ఆ ఆటలు తయారుచేసేవాళ్లకు ఇప్పటికీ తెగని లెక్క. ఆ మంత్రపు కత్తి ఊహ వెనుక ఉన్న అసలు లోహాల్లో ఒకటి ఉత్తర తెలంగాణలో పుట్టింది. గోదావరికి ఇటూ అటూ, నిర్మల్, కోనసముద్రం చుట్టుపక్కల పల్లెల్లో తీసిన ఉక్కు పశ్చిమాసియా చేరి డమాస్కస్ కత్తి అయింది. యూరప్ చేరేసరికి మాయ కత్తి అయింది. పుట్టిన చోట మాత్రం అది ఎప్పుడూ కమ్మరి పనే.

పాత ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నేలలో ఇనుప రాయికి కొదవ లేదు. అయస్కాంతానికి అతుక్కునే నల్ల ఖనిజం, మాగ్నటైట్, ఇక్కడి రాళ్లలో పొరలు పొరలుగా ఉంటుంది. వానలకు ఆ రాళ్లు అరిగి, ఖనిజం వాగుల మలుపుల్లో నల్ల ఇసుకగా పేరుకుంటుంది. ఆ ఇసుకను నీటిలో కడిగితే తేలికది కొట్టుకుపోయి బరువైన ఖనిజం అడుగున మిగులుతుంది. ఎర్ర మొరం నేలల్లో దొరికే ఇనుప రాయి వేరే రకం. నిర్మల్‌కు తూర్పున ఉన్న దిమ్మదుర్తి రాయి గురించి 19వ శతాబ్దపు ఇంగ్లీషు గ్రంథాలు ప్రత్యేకంగా రాశాయి. డమాస్కస్ ఉక్కుకు తరతరాలుగా వాడుతూ వచ్చిన ఖనిజం ఇదేనని వాటి మాట. ఇంకా ఉత్తరాన సిర్పూర్, కాగజ్‌నగర్ దాటి వార్ధా నది అవతలికి వెళ్తే చాందా సీమ, అదీ ఇనుప నేలే. చాందా గోండు రాజుల వంశకథలో కోల్ భీల్ అనే పెద్ద, చెల్లాచెదురుగా ఉన్న గోండులను కూడగట్టి, రాతి నుంచి ఇనుము తీయడం నేర్పాడని ఉంది. రాజ్యం పుట్టుకను కొలిమితో ముడిపెట్టిన కథ ఇది. దేవుడు ఖడ్గం ఇచ్చాడని చెప్పుకునే రాజవంశాలు దేశంలో చాలా ఉన్నాయి. ఇనుము కరిగించడం నేర్చుకున్నామని చెప్పుకునేవి తక్కువ.

ఈ పనికి పల్లెల్లో మిగిలిన గుర్తు చిట్టెం. ఖనిజాన్ని కరిగించినప్పుడు ఇనుము నుంచి విడిపోయి బయటికి కారే మడ్డి అది. చల్లారాక నల్లగా, అక్కడక్కడ గాజులా మెరుస్తూ గడ్డకడుతుంది. ఊరి బయట, చెరువు కట్టల దగ్గర, అడవి అంచుల్లో చిట్టెం కుప్పలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి పక్కన చాలాచోట్ల కొలిమి పనివాళ్లు కొలిచిన మమ్మాయి అనే దేవత గుడి ఉంటుంది. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి ఈ కుప్పలను, విరిగిన మూసలను, కొలిమి జాడలను నమోదు చేశాయి. ఆ పనిలో ముందుండి దారి చూపిన వారిలో ఈ ప్రాంతపు ఇనుము, ఉక్కుల మీద ఏళ్ల తరబడి పరిశోధించిన ఎస్. జైకిషన్ ఒకరు. రాజుల పేర్లు శాసనాల్లో దొరుకుతాయి. వాళ్ల సైన్యాలకు కత్తులు ఇచ్చిన ఊళ్లను పోల్చుకోవాలంటే చిట్టెం ఏరుకోవలసిందే.

ఇనుము తీయడం, ఉక్కు చేయడం వేరువేరు పనులు. మొదటి పనిలో మట్టి కొలిమిలో బొగ్గు, ఖనిజం వరసలుగా వేసి, తోలు తిత్తులతో గాలి ఊది, మెత్తటి ఇనుప ముద్ద తీస్తారు. నాగటి కర్రుకు, గొడ్డలికి, కొడవలికి అది చాలు. మంచి కత్తికి చాలదు. మెత్తటి ఇనుము పదును పట్టదు, పట్టినా నిలవదు. ఉక్కు కావాలంటే ఇనుములోకి బొగ్గుసారం, అంటే కార్బన్, తగిన పాళ్లలో ఎక్కాలి. తక్కువైతే మెత్తన, మరీ ఎక్కువైతే పెళుసు. ఆ పాళ్లు కుదిర్చే పాత్రే మూస. మట్టిలో వరి పొట్టు కలిపి, బాగా పిసికి, చేతితో మలిచిన చిన్న కుండ అది. పొట్టు లోపలే కాలి బొగ్గై మూసను నల్లగా మారుస్తుంది. పొట్టులోని సిలికా ఆ మట్టిని తీవ్రమైన వేడికి నిలబడేలా చేస్తుంది. 1980లలో కోనసముద్రం మూస పెంకులను పరిశీలించిన అమెరికా పరిశోధకురాలు థెల్మా లోవ్, లోపల ఇనుము కరిగి నీళ్లైపోతున్నా కుండ నిలిచి ఉండడానికి కారణాలు ఆ మట్టిలోనే చూపించారు. వరి పండే నేల, ఇనుప రాయి, బొగ్గుకు పనికొచ్చే అడవి ఒకేచోట ఉన్న సీమలో ఈ పని పుట్టడం సహజమే.

కోనసముద్రం ఉక్కును కళ్లారా చూసి రాసిన మొదటి యూరోపియన్లలో హెన్రీ వాయ్‌సీ ముఖ్యుడు. కర్నల్ లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన ఆయన 1820 ప్రాంతంలో ఈ ఊరికి వచ్చాడు. 1824లో చనిపోయాడు. ఆయన రాసిపెట్టుకున్న వివరం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. గోదావరికి దక్షిణంగా, నిర్మల్‌కు పాతిక మైళ్ల దూరంలో ఉన్న ఈ పల్లెలో కమ్మర్లు రెండు ఊళ్ల ఇనుమును కలిపి మూసలో పెట్టేవారు. ఒకటి నల్ల ఖనిజం నుంచి తీసినది, మూడు పాళ్లు. మరొకటి ఎర్ర రాతి నుంచి తీసినది, రెండు పాళ్లు. మూస మూతికి మట్టి మెత్తి, కొలిమిలో పేర్చి, ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఆగకుండా ఊదేవారు. లోపల రెండు ఇనుములూ కరిగి ఒకటై, కొలిమిలోనే నెమ్మదిగా చల్లారి, అడుగున గుండ్రటి బిళ్లగా గట్టిపడేవి.

అక్కడితో అయిపోదు. ఆ బిళ్ల మరీ గట్టిది, సమ్మెట దెబ్బకు పగిలిపోతుంది. దానికి మట్టి పూసి, మళ్లీ కొలిమిలో పన్నెండు నుంచి పదహారు గంటలు కాచి, చల్లార్చి, తిరిగి కాచేవారు. మూడోసారి, ఒక్కోసారి నాలుగోసారి కాచాకే అది సాగగొట్టడానికి లొంగేది. తిత్తి ఊదేవాళ్లు, బొగ్గు మోసేవాళ్లు, మూసలు చేసేవాళ్లు, ఇనుము తెచ్చేవాళ్లు అందరి శ్రమా కలిస్తే చేతిలో ఇమిడే ఆ ఉక్కు బిళ్ల తయారయ్యేది.

వాయ్‌సీ వచ్చిన సమయంలో కోనసముద్రంలో ఇరాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఒకడు ఉన్నాడు. పేరు హాజీ హుసేన్, ఊరు ఇస్ఫహాన్. అతను బిళ్లలు కొనుక్కుని వెళ్లిపోయే బేరగాడు కాదు. ఇనుము తూకం దగ్గర నుంచి చివరి కాపు దాకా దగ్గరుండి చూసుకునేవాడు. ఈ ఊరూ, ఈ పద్ధతీ ఇరాన్‌లో తెలిసినవేననీ, అక్కడ ఇలాంటి ఉక్కు చేయాలని ప్రయత్నించి విఫలమయ్యారనీ అతను చెప్పాడు. ఒక ఇస్ఫహాన్ వ్యాపారి అంత దూరం నుంచి వచ్చి, ఒక మారుమూల పల్లెలో కమ్మరి కొలిమి పక్కన కూర్చున్నాడంటే ఆ ఉక్కు విలువ ఎంతో వేరే లెక్క అక్కర్లేదు.

ఈ రాకపోకలు హాజీ హుసేన్‌తో మొదలైనవి కావు. అరబ్బీలో మేలైన ఖడ్గానికి ముహన్నద్ అని పేరు. హింద్ నుంచి వచ్చినది అని దాని అర్థం. 9వ శతాబ్దంలో బాగ్దాద్ తత్త్వవేత్త అల్ కిందీ కత్తుల రకాల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. 17వ శతాబ్దం వచ్చేసరికి పేర్లు ఇంకా కచ్చితమయ్యాయి. మేలు జాతి గీతలు తేలే కత్తికి పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాశాడు. చిన్న రొట్టెల్లాంటి ఆ ఉక్కు ముద్దను రెండుగా కోస్తే ఒక్కో సగం ఒక్కో కత్తి అవుతుందట. 1666, 67 ప్రాంతంలో దక్కను దాటిన మరో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని ఇందల్వాయిలో ఆగాడు. అక్కడ చేసే కత్తులు, బాకులు, బల్లేలు హిందూ దేశమంతటా అమ్ముడుపోతాయనీ, ఇనుము ఊరి దగ్గరి కొండ నుంచే తీస్తారనీ రాసుకున్నాడు. ఈనాడు ఇందల్వాయి మీదుగా జాతీయ రహదారి పోతుంది. ఆ దారిన వెళ్లేవాళ్లలో ఆ ఊరిని ఆయుధాల ఊరుగా ఎరిగినవాళ్లు బహుశా కొద్దిమందే.

ఈ ఉక్కులో మాయ ఏమిటన్నది ఇప్పుడు చాలావరకు తెలుసు. ఇందులో కార్బన్ దాదాపు 1.5 శాతం దాకా ఉంటుంది, మామూలు ఉక్కు కంటే చాలా ఎక్కువ. మూసలో నెమ్మదిగా చల్లారినప్పుడు ఆ కార్బన్ ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే గట్టి పదార్థంగా మారుతుంది. ఎర్రగా కాలిన బిళ్లను, మరీ వేడెక్కనివ్వకుండా, ఓపికగా సాగగొడితే ఆ గట్టి రేణువులు వరసలు కడతాయి. పూర్తయిన కత్తిని పులుసు పదార్థంతో రుద్దితే, రేణువుల వరసలు తెల్లగా, మిగతా లోహం ముదురుగా తేలి, వాగు నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తాయి. యూరప్ కమ్మర్లకు ఈ బిళ్లలు దొరికినా పని కుదరలేదు. వాళ్లు తమ అలవాటు ప్రకారం తెల్లగా కాలేదాకా వేడి చేసి కొట్టారు, బిళ్ల ముక్కలైపోయింది. అమెరికాలో లోహ శాస్త్రవేత్త జాన్ వెర్‌హోవెన్, గుర్రపు నాడాల కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి 1990లలో ఈ గీతలను తిరిగి సాధించారు. ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వెనేడియం వంటి లోహాలు ఆ వరసలు కట్టడానికి అవసరమని వాళ్లు తేల్చారు. అలాగైతే నేల మారితే పద్ధతి అదే అయినా గీతలు రావు. ఇరాన్‌లో చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయన్న హాజీ హుసేన్ మాటకు ఇది ఒక సమాధానం కావచ్చు.

కత్తి మీద పేరు ఎవరిది అన్న దగ్గర ఈ చరిత్ర బాధ కలిగిస్తుంది. ఇరాన్ రాజు షా అబ్బాస్ కాలపు ఇస్ఫహాన్‌లో అసదుల్లా అనే కత్తుల కమ్మరి పేరు మోగిపోయింది. ఆయన పేరు బంగారంతో పొదిగిన కత్తులు ప్రపంచ మ్యూజియాల్లో ఎన్నో ఉన్నాయి. ఒక్క మనిషి జీవితకాలంలో చేయగలిగినన్ని కంటే ఎక్కువే ఉన్నాయి, ఎందుకంటే తర్వాతి తరాల వాళ్లూ అదే పేరు చెక్కారు. అప్పటికి అది మనిషి పేరు కాదు, మేలుతనానికి ముద్ర. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు ఒక డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోగొట్టాలు ఉన్నాయని ప్రకటించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ మ్యూజియంకు చెందిన ఆ 17వ శతాబ్దపు కత్తి కూడా అసదుల్లా పనిగా చెప్పేదే. ఇలాంటి కత్తులకు లోహం ఇచ్చిన తెలంగాణ పల్లెల్లో మూస కాచిన ఒక్క మనిషి పేరూ ఏ కత్తి మీదా లేదు. ఉక్కు బిళ్ల మీద పేరు చెక్కే ఆచారమే లేదు. కొన్నవాడి పేరు, సాగగొట్టినవాడి పేరు, చేతపట్టి యుద్ధం చేసినవాడి పేరు చరిత్రకెక్కాయి.

చేసినవాడి పేరు తెలియని వస్తువు చుట్టూ కథలు అల్లుకుంటాయి. ఈ కత్తులు గాలిలో తేలే పట్టుగుడ్డను కోస్తాయని, ఎదుటి కత్తిని నరికేస్తాయని యూరప్‌లో చెప్పుకున్నారు. 1825లో వాల్టర్ స్కాట్ రాసిన టాలిస్మన్ నవలలో ఇంగ్లండ్ రాజు రిచర్డ్ ఎదుట సలాదీన్ సుల్తాన్ తన వంకర కత్తితో పట్టు దిండును ఒక్క వేటుకు రెండు చేస్తాడు. నిజానికి ఆ ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు. అయినా తూర్పు దేశపు కత్తికి మనిషి చేతికి అందని శక్తి ఉందన్న ఊహ ఆ ఒక్క దృశ్యంతో ఇంగ్లీషు పాఠకుల మనసులో స్థిరపడింది. అదే కాలంలో ఇంకొందరు ఆ మాయను విప్పడానికి కూర్చున్నారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ముందు ఈ లోహం మీద వ్యాసం చదివాడు. మన ఉక్కు అన్న మాటే ఇంగ్లీషులో వూట్జ్‌గా మారి వ్యాప్తిలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. 1819 నుంచి మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి దాన్ని పరీక్షించాడు. ఫారడే తండ్రి కమ్మరి. ఉక్కులో అల్యూమినియం ఉండడమే దాని గొప్పతనానికి కారణమని ఫారడే మొదట పొరబడ్డాడు, కానీ ఆ పరీక్షల నుంచే మిశ్రమ ఉక్కుల మీద ఆధునిక పరిశోధన మొదలైంది. పారిస్‌లో బ్రెయాన్, రష్యాలోని జ్లతౌస్త్‌లో అనోసోవ్ అనే లోహ పరిశోధకులు అదే దారిలో నడిచారు. ఫారడే విద్యుత్తు మీద చేసిన పని ప్రతి బడిలోనూ చెబుతారు. ఆయన పరిశోధనా జీవితం తొలి రోజుల్లోనే దక్కను ఉక్కు ఉందన్న సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లోకి కూడా రావలసినది.

ఈ కత్తి పుట్టిన తెలుగు నేలలోనూ మాయ ఆయుధాలకు కొదవ లేదు. భారతంలో గాండీవాన్ని అగ్నిదేవుడు వరుణుడి దగ్గర నుంచి తెచ్చి అర్జునుడికి ఇచ్చాడు, అమ్ములు తరగని పొదులు దానికి తోడు. కర్ణుడికి కవచకుండలాలు పుట్టుకతోనే ఉన్నాయి. ఇలాంటి ఆయుధాలు అరగవు, తుప్పు పట్టవు. అయితే అవి ఇచ్చినవాడి సొత్తే. కర్ణుడి కవచాన్ని ఇంద్రుడు అడిగి తీసుకుపోయాడు. చివరి ప్రయాణంలో అగ్ని ఎదురొచ్చి అడిగితే అర్జునుడు గాండీవాన్ని నీటిలో వదిలేశాడు. కమ్మరి కత్తి సంగతి వేరు. అది అరుగుతుంది, వంగుతుంది, మళ్లీ కొలిమికి వెళ్తుంది, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అజ్ఞాతవాసంలో పాండవులు ఆయుధాలు దాచిన జమ్మి చెట్టును దసరా నాడు తెలంగాణ ఊరూరా పూజిస్తారు. అదే పండుగకు కమ్మరి కొలిమికి, రైతు నాగలికి, ఇంట్లో కత్తిపీటకు పసుపు కుంకుమలు పెడతారు. దేవతలిచ్చిన ఆయుధానికి, ఊరి కమ్మరి చేసిన పనిముట్టుకు ఒకే పూజ.

ఇంకా లోతుకు పోతే, మన పురాణాలు మాయ ఆయుధాన్ని కూడా పనివాడికే అప్పగించాయి. ఇంద్రుడి వజ్రాయుధం దానంతట అది పుట్టలేదు. దధీచి తన ఎముకలు ఇస్తే త్వష్ట దాన్ని మలిచాడు. విశ్వకర్మ సూర్యుణ్ణి తరిమెన పట్టి తేజస్సు తగ్గించి, రాలిన పొట్టుతో విష్ణువుకు చక్రం, శివుడికి త్రిశూలం చేశాడు. విశ్వబ్రాహ్మణులు తమ కులవృత్తుల్ని విశ్వకర్మ అయిదు ముఖాలకు ముడిపెట్టి, ఇనుము పనిని మనువుకు ఇచ్చారు. ఏడాదికోసారి పంట మేరగా గింజలు కొలిపించుకుని కర్రులు సాగగొట్టే పల్లె కమ్మరి, దేవతల ఆయుధాలు చేసినవాడి వారసుడినని చెప్పుకోవడంలో అతిశయం ఏమీ లేదు. అడవిలోని గోండుల ఆచారం ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. ఆదిలాబాద్ రాజ్‌గోండులలో తెగ దైవం పెర్సా పేన్‌కు విగ్రహం ఉండదు. ఇనుప ఈటె మొన, చామరం ఆ దైవానికి గుర్తులు. 1940లలో గోండుల మధ్య ఏళ్ల తరబడి ఉండి, 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పుస్తకం రాసిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఈ ఆచారాలను వివరంగా నమోదు చేశాడు. కొలిమిలో చేసిన ఈటె మొన పూజలో చేరాక ఆయుధం కాదు, దేవుడు.

అచ్చు కథలు, సినిమాలు వచ్చాక లెక్క మళ్లీ వరం వైపు మొగ్గింది. కాశీమజిలీ కథల నుంచి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల దాకా వీరుడు సాహసం చేసి మహిమగల వస్తువు సంపాదిస్తాడు. 1951లో వచ్చిన పాతాళ భైరవిలో తోటమాలి కొడుకు రాముడు, నేపాళ మాంత్రికుణ్ణి బలి ఇచ్చి కోరికలు తీర్చే ప్రతిమ సాధిస్తాడు. తర్వాతి రెండు దశాబ్దాల్లో విఠలాచార్య చిత్రాలు, కత్తి కాంతారావుగా జనం పిలుచుకున్న టి.ఎల్. కాంతారావు వీరగాథలు ఈ దారిని ఊళ్లలోని టెంటు హాళ్ల దాకా తీసుకెళ్లాయి. కాంతారావు తెలంగాణ బిడ్డే, కోదాడ దగ్గరి గుడిబండ వారు. ఆ చిత్రాల్లో కత్తులు లెక్కలేనన్ని. కత్తి చేసే కమ్మరికి మాత్రం కథలో చోటు దాదాపు లేదు. అప్పటికి ఊళ్లో కూడా కత్తులు చేసే కమ్మరి లేడు.

ఆ కొలిమి ఆరిపోవడం ఒక్కరోజులో జరగలేదు. తుపాకులు పెరిగి కత్తికి గిరాకీ తగ్గింది, సంస్థానాల సైన్యాలు కుదించుకుపోయాయి. 1740లలోనే ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హంట్స్‌మన్ మూస ఉక్కు తీయడం మొదలుపెట్టాడు. 1856లో బెస్సెమర్ పద్ధతి రావడంతో టన్నుల లెక్కన ఉక్కు తయారైంది. రాత్రంతా తిత్తులు ఊది ఒక్కో మూసలో ఒక్కో బిళ్ల తీసే పల్లె దానితో ధరలో పోటీపడలేకపోయింది. బొగ్గు కాల్చుకునే అడవుల మీదా ఆంక్షలు పెరిగాయి. 19వ శతాబ్దం ముగిసేసరికి కోనసముద్రం పేరు వ్యాపారుల నోట వినబడడం ఆగిపోయింది. కమ్మర్లు కర్రులు, బండి పట్టాలు, కొడవళ్లకు మళ్లారు. వాటికి కూడా ఇనుము బయటి నుంచి కొనుక్కునేవారు.  ఇదే సీమలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ ఏర్పడ్డాక కొత్తపేట అనే పల్లె కాగజ్‌నగర్ అయింది. చేసే సరుకే ఊరి పేరు కావడం మిల్లు ఊరికి దక్కింది. ఉక్కుకు ప్రపంచంలో పేరు తెచ్చిన ఊళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. వాటి ఉక్కు డమాస్కస్ అనే సిరియా నగరం పేరుతో చెలామణి అయింది.

మాయ కత్తి ఊహ ఆటల్లోకి వచ్చిన దారి పొడవైనది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను ప్రచురించారు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతో నడిపే ఆ ఆటలో గుహల్లోని నిధుల పట్టికలు ఉండేవి, వాటిలో మంత్రపు కత్తులు. డబ్బు పెట్టి కొన్న మామూలు కత్తి మొదటి రోజులకే, వీరుడు ఎదిగేకొద్దీ మాయ కత్తిదే రాజ్యం. కంప్యూటర్ ఆటలు ఈ నియమాన్నే వారసత్వంగా తీసుకున్నాయి. 1997 సెప్టెంబరులో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ దాన్ని మార్చింది. అందులో ఆటగాడు కమ్మరి కావచ్చు. కొండ దగ్గర ఖనిజం తవ్వి, కొలిమిలో కరిగించి, దాగలి దగ్గర నిలబడి వందలసార్లు కొడితేనే నైపుణ్యం పెరుగుతుంది. నూటికి నూరు చేరిన ఉస్తాదు కమ్మరి చేసిన మేలు కత్తి మీద అతని పేరు ముద్ర పడుతుంది. ఆ లోకంలో చనిపోతే ఒంటి మీది సామాను శవం మీదే మిగిలి, వచ్చినవాడు దోచుకుపోయేవాడు. అందుకే దొరక్క దొరికిన మంత్రపు కత్తిని ఇంట్లో దాచి, పోయినా మళ్లీ కొనుక్కోగల కమ్మరి కత్తితో యుద్ధానికి వెళ్లేవారు. ఫలానా కమ్మరి దగ్గరే కొంటామని ఆటగాళ్లు పట్టుబట్టేవారు. కొలిమి దగ్గర బేరం, కబుర్లు, పరిచయాలు, ఒక పల్లె బతుకే అక్కడ నడిచింది.

1999 మార్చిలో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ వేరే దారి పట్టింది. పదులమంది కలిసి కూల్చే డ్రాగన్ల దగ్గరే అసలైన సంపద. దాన్ని సంపాదించినవాడు మరొకరికి ఇవ్వడానికి కూడా చాలాసార్లు వీలుండదు. గాండీవంలాగే అది ఒక్కడి కోసం వచ్చిన వరం. 2003 ఫిబ్రవరిలో అల్టిమా ఆన్‌లైన్ కూడా ఏజ్ ఆఫ్ షాడోస్ అనే చేర్పుతో ఈ వైపుకు జరిగింది. మంత్రపు సామానుకు కొత్త శక్తుల జాబితా వచ్చింది, చనిపోయినా సామాను పోకుండా బీమా వచ్చింది. పోదు అన్న హామీ రాగానే అరిగిపోయే కత్తికి, దాన్ని చేసే కమ్మరికి గిరాకీ పడిపోయింది. షెఫీల్డ్ సరుకు వచ్చాక దక్కను కొలిమికి జరిగినదే అక్కడా జరిగింది. పోని వస్తువును సృష్టించడం ఆటగాడికి సంతోషమే, కానీ పనివాడి సంతను చంపేది కూడా అదే. కొనేవాడికి మళ్లీ కొనే అవసరం ఉంటేనే కొలిమి వెలుగుతుంది.

తర్వాతి ఆటలు మధ్యేమార్గం వెతికాయి. 2004 నవంబరులో మొదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో సల్ఫురాస్ అనే ప్రసిద్ధ సమ్మెట ఉంది. అగ్నిరాక్షసుడు రాగ్నరోస్‌ను చంపితే దొరికేది సమ్మెట కాదు, దానికి అమర్చవలసిన కన్ను మాత్రమే. సమ్మెటను ఒక కమ్మరి ఆటగాడు కరిగించిన లోహాలతో చేయాలి, రెండూ కలిస్తేనే మహిమ. దధీచి ఎముక, త్వష్ట పనితనం కలిసి వజ్రాయుధమైన పద్ధతే ఇది. 2017లో విడుదలైన ఆల్బియన్ ఆన్‌లైన్ ఇంకా ముందుకు వెళ్లి, ఆయుధాలు, కవచాలు దాదాపు అన్నీ ఆటగాళ్లే తయారుచేసేలా నియమం పెట్టింది. అక్కడ రాక్షసుల దగ్గర దొరికే అరుదైన ముక్కలు కూడా ముడిసరుకే, వాటిని కత్తిగా మార్చేది కొలిమి. ఆ ఆటల్లో ఆటగాడు చేసిన కత్తి మీద తరచుగా ఆ కమ్మరి పేరు ఉంటుంది. కోనసముద్రం నుంచి ఇస్ఫహాన్ వెళ్లిన ఉక్కు బిళ్లల మీద లేనిది ఆ పేరే.